చొక్కా కింద చిన్న తుపాకీ: కొన్ని విశేషాలు

సినిమాలో హీరో నడుముకు వేలాడే తుపాకీకి దర్శకుడు ఒప్పుకుంటే చాలు. విజయవాడ పక్కన గన్నవరంలో ఒక వ్యాపారి ఆత్మరక్షణకు చిన్న రివాల్వర్ కొనుక్కోవాలంటే మాత్రం పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్, శిక్షణ, ఎన్నికల కోడ్, ఎయిర్‌పోర్టు ఎక్స్‌రే మెషీన్, చివరికి డెల్టా గాలిలోని తేమ కూడా లెక్కలోకి వస్తాయి. ఏ మోడల్ నమ్మకమైనదన్న ప్రశ్న ఆ తర్వాతే. ఆ చిన్న తుపాకీ చుట్టూ ఉన్న కొన్ని సంగతులివి.

కప్పకపోతేనే తప్పు

చొక్కా కింద తుపాకీ పెట్టుకు తిరగడం నేరమని చాలామంది అనుకుంటారు. లైసెన్స్ ఉన్నవాళ్ల విషయంలో మన చట్టం చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. 2016 ఆయుధ నియమాల ప్రకారం నలుగురూ తిరిగే చోట చేతి తుపాకీని ఒంటికి తగిలించుకున్న హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచిలోనో పెట్టుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి. పెట్టుకున్న మనిషి అదుపులో ఉండాలి. బయటికి తీసి ఆడించినా, గాల్లోకి పేల్చినా నేరమే. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దాచి తిరగడానికి విడిగా పర్మిట్ అడుగుతాయి. మన దగ్గర లైసెన్స్ ఉన్నవాడికి అదొక్కటే దారి.

బుర్రిపాలెం కౌబాయ్‌కి ఈ రూలు లేదు

1971 ఆగస్టులో విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’ తెలుగులో తొలి కౌబాయ్ సినిమా. తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ అందులో నడుముకు రివాల్వర్ వేలాడదీసుకుని గుర్రమెక్కారు. ఇప్పటి నియమాల ప్రకారం ఆ వేషంలో విజయవాడ బీసెంట్ రోడ్డులో నాలుగడుగులు వేసినా పోలీసులు ఆపుతారు. అంతకు ఐదేళ్ల ముందు, 1966లో, అదే కృష్ణ ‘గూఢచారి 116’లో గూఢచారి అయ్యారు. అక్కడ కోటు కింద తుపాకీ. చట్టం లెక్కన గూఢచారిదే సరైన పద్ధతి.

బాండ్ చేతిలో తుపాకీ మార్చింది ఒక పాఠకుడు

జేమ్స్ బాండ్ మొదటి నవలల్లో బెరెట్టా వాడేవాడు. అది మరీ బలహీనమైన ఆయుధమంటూ జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకీల నిపుణుడు రచయిత ఇయాన్ ఫ్లెమింగ్‌కు ఉత్తరం రాశాడు. ఫ్లెమింగ్ ఆ మాట పట్టించుకుని బాండ్‌కు వాల్తర్ పీపీకే ఇచ్చాడు. బాండ్‌కు ఆయుధాలిచ్చే అధికారికి మేజర్ బూత్‌రాయిడ్ అని పేరు కూడా పెట్టాడు. 1931లో జర్మనీలో వచ్చిన ఆ పీపీకే జేబులో ఇమిడే పిస్టల్. అందులో వాడే 7.65 మి.మీ. తూటాకే .32 ఏసీపీ అని ఇంకో పేరు. మన ప్రభుత్వ ఫ్యాక్టరీ పిస్టల్ ‘అశని’లో వేసేదీ ఇదే తూటా.

ఒకే నంబరు, రెండు తూటాలు

లైసెన్స్ మీద ‘.32’ అని ఉంది కదా అని షాపులో ఏ .32 పెట్టె పడితే అది తెచ్చుకుంటే కుదరదు. రివాల్వర్‌ది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. 1896 నాటిది, అడుగున అంచు బయటికి ఉంటుంది. పిస్టల్‌ది .32 ఏసీపీ. 1899లో జాన్ బ్రౌనింగ్ తయారుచేసింది. పొడవు వేరు, ఆకారం వేరు. ఒకదాని తూటా రెండోదాంట్లో వాడకూడదు. మనవాళ్లు ఆత్మరక్షణకు కొనుక్కునే ఈ లాంగ్ తూటాను విదేశాల్లో 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్ పోటీల్లో గురి కోసం వాడతారు. అది అంత నెమ్మదైన తూటా. వెనక్కి తన్నడం తక్కువ కాబట్టి గురి చెదరదు. శక్తి మాత్రం 9 మి.మీ. తూటాలో దాదాపు మూడో వంతే.

ప్రపంచమంతా వాడేది మనకు రాదు

బయటి దేశాల్లో చిన్న తుపాకీ అనగానే 1988లో వచ్చిన గ్లాక్ 19, 2018లో వచ్చిన సిగ్ పీ365 లాంటి పేర్లు వినిపిస్తాయి. రెండూ 9 మి.మీ. తుపాకులే. మన దేశంలో అది సైన్యం, పోలీసులు వాడే కొలత. .38, .455 రివాల్వర్లూ అంతే. వీటిని నిషిద్ధ బోర్ అంటారు. వాటికి లైసెన్స్ ఇవ్వాలంటే కేంద్ర హోం శాఖే ఇవ్వాలి. మామూలు లైసెన్స్‌దారుకు మిగిలేవి .32, .22 లాంటివే. ఇలాంటి ఆంక్షలు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. సైన్యం తూటాలు పౌరులకు ఇవ్వని దేశాల కోసమే గ్లాక్ కంపెనీ .380 తూటాతో గ్లాక్ 25 తయారుచేసింది.

తాతగారి వెబ్లీకి లక్షలు

1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ చేతి తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది. పేరున్న క్రీడాకారులకు, మరికొన్ని ప్రత్యేక సందర్భాలకు మాత్రమే మినహాయింపు. అందుకే అంతకు ముందు వచ్చిన పాత వెబ్లీలు, కోల్ట్‌లు, వాల్తర్‌లు ఒకరి లైసెన్స్ నుంచి ఇంకొకరి లైసెన్స్‌కు లక్షల రూపాయలకు చేతులు మారుతుంటాయి. వయసు పెరిగేకొద్దీ ధర పెరిగే యంత్రాలు తక్కువ, ఇదొకటి. అయితే పాతదానికి విడిభాగాలు దొరకవు. స్ప్రింగు అలసిపోతే, ఫైరింగ్ పిన్ అరిగిపోతే పేరు ఎంత గొప్పదైనా పనికిరాదు.

నగల పెట్టెలో వచ్చిన రివాల్వర్

2014 జనవరిలో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ‘నిర్భీక్’ పేరుతో ఒక చిన్న రివాల్వర్ తెచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, మహిళల కోసమని ప్రచారం చేసింది. .32 బోర్, ఆరు తూటాలు, టైటానియం మిశ్రమ లోహం, బరువు సుమారు 500 గ్రాములు. మెరూన్ రంగు నగల పెట్టెలో పెట్టి ఇచ్చారు. ధర రూ. 1,22,360. అంత డబ్బు పెట్టగల ఆడవాళ్లు దేశంలో ఎందరున్నారు, భద్రత ఇవ్వాల్సింది ప్రభుత్వమా పర్సా అని అప్పట్లో విమర్శలు గట్టిగానే వచ్చాయి. తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దానికి సగం బరువుతో ‘నిడర్’ తెచ్చింది. .22 బోర్, సుమారు 250 గ్రాములు. చేతి తుపాకీ తేలికైతే మోయడం సుఖం, పేల్చడం కష్టం. ఆ తన్నును మింగే బరువు అందులో ఉండదు మరి.

పక్కకి తెరుచుకునే ‘ప్రబల్’

మన పాత ప్రభుత్వ రివాల్వర్ వెబ్లీ నమూనాది. మధ్యలో విరిచినట్టు తెరిస్తే ఖాళీ తూటా తొడుగులన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి. 2023 ఆగస్టులో కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా ‘ప్రబల్’ను తెచ్చింది. దీని సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. గొట్టం 76 మి.మీ., మొత్తం పొడవు 177.6 మి.మీ., తూటాలు లేకుండా బరువు దాదాపు 700 గ్రాములు. పాత ఆయుధ కర్మాగారాల బోర్డును 2021 అక్టోబరు 1న ఏడు కంపెనీలుగా విడగొట్టారు. ప్రబల్ తెచ్చిన సంస్థ వాటిలో ఒకటి.

పేలకపోతే ఏం చేయాలి?

నమ్మకం అసలు తేలేది ఇక్కడే. రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు. సిలిండర్ తిరిగి ఇంకో తూటా ముందుకొస్తుంది. పిస్టల్‌లో అయితే స్లైడ్ వెనక్కి లాగి చెడ్డ తూటాను బయట పడెయ్యాలి. అది రెండు చేతుల పని, సాధన లేకపోతే కంగారులో రాదు. పిస్టల్ పలచగా ఉంటుంది, చొక్కా కింద ఉబ్బెత్తుగా కనపడదు, తూటాలు ఎక్కువ పడతాయి. రివాల్వర్‌కి పొట్ట ఉంటుంది, కానీ ఏడాదిలో నాలుగుసార్లే ముట్టుకునే మనిషికి అదే తేలిక. రోజూ పెట్టుకునేవాళ్లూ, తరచూ రేంజ్‌కి వెళ్లేవాళ్లూ పిస్టల్ వైపు మొగ్గుతారు.

పొట్టి గొట్టం, పెద్ద తప్పు

చిన్న తుపాకీలో గురి చూడటానికి గొట్టం ముందున్న గుర్తుకీ వెనకున్న గుర్తుకీ మధ్య దూరం తక్కువ. అది 100 మి.మీ. అనుకుందాం. చెయ్యి వణికి ముందున్న గుర్తు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో తూటా 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అదే దూరం 150 మి.మీ. ఉంటే తప్పు 7 సెంటీమీటర్ల లోపే. కొత్తవాడికి చిన్న తుపాకీ సులువన్న మాట ఇక్కడే తేలిపోతుంది. చిన్నదానికే సాధన ఎక్కువ కావాలి.

కింద పడితే పేలకూడదు

పాత రివాల్వర్లలో సుత్తి కొన నేరుగా తూటా మీద ఆనుకుని ఉండేది. జారి పడితే పేలేది. అందుకే జాగ్రత్తపరులు సుత్తి కింది గదిని ఖాళీగా వదిలేసేవారు. ఆరు పట్టేదాంట్లో అయిదే. అమెరికాలో ఐవర్ జాన్సన్ కంపెనీ ఈ భయం పోగొట్టడానికి సుత్తికీ పిన్నుకీ మధ్య ఒక కడ్డీ పెట్టింది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితేనే ఆ కడ్డీ పైకి వచ్చి దెబ్బను అందిస్తుంది. మా రివాల్వర్ సుత్తిని నిజం సుత్తితో కొట్టినా పేలదు, కొట్టి చూడండి అని ప్రకటనలు కూడా వేసింది. ఇప్పుడు చిన్న తుపాకీ కొనేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. పాతకాలం తుపాకీ వారసత్వంగా వచ్చినవాళ్లు మరీ ముఖ్యంగా అడగాలి.

6,000 తూటాలు, ఒక్క ఆటంకం లేదు

1911 మార్చిలో అమెరికా సైన్యం పిస్టల్ ఎంపికకు ఒక పరీక్ష పెట్టింది. రెండు రోజుల్లో ఒక్కో తుపాకీతో 6,000 తూటాలు పేల్చారు. వేడెక్కిపోతే నీళ్లలో ముంచి మళ్లీ మొదలుపెట్టారు. బ్రౌనింగ్ తయారుచేసిన కోల్ట్ ఒక్కసారి కూడా ఆగలేదు. పోటీకి వచ్చిన సావేజ్ పిస్టల్ 37 సార్లు మొరాయించింది. ఆ నెలాఖరులోనే కోల్ట్‌ను సైన్యానికి ఎంపిక చేశారు. మన లైసెన్స్‌దారుకు ఈ పరీక్ష చేసే వీలే లేదు. తూటాలు ఎన్ని కొనాలో, ఒకసారి ఎన్ని దగ్గర ఉంచుకోవాలో లైసెన్స్ మీదే రాసి ఉంటుంది.

డెల్టా తేమకి తోలు తోడు

ఆగస్టులో కాలవల నిండా నీళ్లు, నవంబరులో తుపానులు. కృష్ణా డెల్టాలో ఇనుముకి మంచి రోజులు తక్కువ. తుపాకీని తోలు హోల్‌స్టర్‌లోనే పెట్టి బీరువాలో దాచడం చాలామంది చేసే పని. ఆ తోలు గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కుకు అంటించి ఉంచుతుంది. తోలు పదును చెయ్యడానికి వాడిన ఉప్పులూ, రసాయనాలూ దానికి తోడవుతాయి. హోల్‌స్టర్ మోయడానికి, దాచడానికి కాదు. పలచగా నూనె రాసి, పొడి గుడ్డలో చుట్టి, సిలికా జెల్ సంచి పక్కన వేసి, తాళం పెట్టడం మేలు. నూనె ఎక్కువైతే తూటా అడుగున మందులోకి ఇంకి అది పేలకుండా పోయే ప్రమాదమూ ఉంది.

ఫైలు బందరుకి వెళ్లింది

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, గన్నవరం బందరు (మచిలీపట్నం) కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. విజయవాడలో బస్సెక్కితే అరగంట దూరం, లైసెన్స్ అధికారి మాత్రం వేరు. కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్, లేనిచోట కలెక్టర్. ఎవరి దగ్గరికి వెళ్లినా 21 ఏళ్లు నిండాలి. శరీరం, మనసు బాగున్నాయని డాక్టరు రాయాలి. తుపాకీ సురక్షితంగా వాడే శిక్షణ పొందినట్టు కాగితం చూపాలి. ఇంట్లో భద్రంగా దాస్తానని రాసివ్వాలి. ప్రాణహాని ఏమిటో పోలీసులు విచారిస్తారు. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులుండే వీలు రెండుకు తగ్గింది. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

గరికపాడు దాటితే చెల్లుతుందా?

లైసెన్స్ ఎంతవరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే హైదరాబాద్ హైవే మీద జగ్గయ్యపేట దాటి గరికపాడు సరిహద్దు దాటగానే ఆ తుపాకీ లైసెన్స్ లేని తుపాకీతో సమానం. 2014 జూన్ 2కి ముందు ఈ సమస్య లేదు, అదంతా ఒకే రాష్ట్రం. పెళ్లికి కోదాడ వెళ్లేవాడు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంటే 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

సంచి అడుగున మర్చిపోయిన తూటా

గన్నవరం ఎయిర్‌పోర్టు రన్‌వే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక విమానాల కోసం వేసింది. ఇవాళ అక్కడ ఎక్స్‌రే మెషీన్ ముందు ఒక్క తూటా కనపడినా ప్రయాణం ఆగిపోతుంది. లైసెన్స్ ఉన్న తుపాకీని విమానం క్యాబిన్‌లోకి తీసుకెళ్లకూడదు. తూటాలు తీసేసి, కౌంటర్ దగ్గర చెప్పి, లైసెన్స్ చూపి, చెక్-ఇన్ సామానులో పంపాలి. మర్చిపోయి ఒక తూటా సంచిలో ఉండిపోతే? ఆయుధం దగ్గర ఉండటమంటే తెలిసి ఉంచుకోవడమని సుప్రీంకోర్టు 1972లో గుణవంత్‌లాల్ కేసులో చెప్పింది. ఆ సూత్రం మీదే దేశంలో హైకోర్టులు ఇలాంటి కేసులు కొన్ని కొట్టేశాయి. అయితే ఆ తీర్పు వచ్చేది నెలల తర్వాత, మీ విమానం ఎగిరేది నలభై నిమిషాల్లో. రేంజ్‌కి తీసుకెళ్లే సంచి, ప్రయాణానికి తీసుకెళ్లే సంచి వేరువేరుగా ఉంచుకోవడం అన్నిటికన్నా చవక.

ఓట్లప్పుడు స్టేషన్‌లో

ఎన్నికల కోడ్ రాగానే పోలీసులు లైసెన్స్‌దారులకు కబురు పెడతారు. ఎవరి తుపాకీ జమ చేయించాలో ఒక స్క్రీనింగ్ కమిటీ చూస్తుంది. బెయిల్ మీద ఉన్నవాళ్లు, నేర చరిత్ర ఉన్నవాళ్లు, ఎన్నికల గొడవల్లో ఇరుక్కున్నవాళ్లు ముందు వరసలో ఉంటారు. బ్యాంకు గార్డులకు, రైఫిల్ అసోసియేషన్ క్రీడాకారులకు మినహాయింపు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న ఫలితాలు. ఫలితాలొచ్చిన వారానికి ఆయుధాలు తిరిగివ్వాలి. అంటే దాదాపు మూడు నెలలు. ప్రాణహాని ఉందని తీసుకున్న తుపాకీ, వేడి ఎక్కువగా ఉండే రోజుల్లోనే స్టేషన్ గదిలో ఉంటుంది.

పెళ్లి ఊరేగింపులో ఒక్క పేలుడు

ఊరేగింపులో గాల్లోకి కాల్చడం ఉత్తరాదిలో ఎక్కువ. 2019 సవరణ దాన్ని పేరు పెట్టి మరీ నేరం చేసింది. రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మన ఊళ్లలో తుపాకీతో గొప్పలు పోయే పాత్ర ఒక్కటే, తుపాకి రాముడు. ఖాకీ బట్టలు, కట్టె తుపాకీ, కోతలు. ఆ జానపద కళాకారుడికి లైసెన్స్ అక్కర్లేదు.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లు

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటి అర్హత ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ పెట్టుకు తిరగొచ్చు. 2024 నాటికి అలాంటి రాష్ట్రాలు 29. న్యూయార్క్ 1911 నుంచీ గట్టిగా బిగించి ఉంచిన చట్టాన్ని 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు సడలించింది. ఇవన్నీ విని గన్నవరంలో విమానమెక్కి వెళ్లిన పిల్లలు తొందరపడితే చిక్కుల్లో పడతారు. ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఒప్పుకున్నా చెల్లదు. చట్టంలో ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో విచిత్రమైనది వేట లైసెన్స్. జింకలను వేటాడే కాగితం ఉన్నవాడికి వీలుంది, స్టోర్‌లో రాత్రి డ్యూటీ చేసేవాడికి లేదు. గ్రీన్ కార్డు వచ్చాక ఈ అడ్డు తొలగుతుంది.

కొడగులో లైసెన్సే అక్కర్లేదు

పక్కనే కర్ణాటకలో కొడవలకు, అక్కడి జమ్మా భూమి ఉన్నవాళ్లకు బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉంది. పిస్టల్, రివాల్వర్, రెండు గొట్టాల తుపాకీ లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు. కేంద్రం ఆ మినహాయింపును 2029 అక్టోబరు దాకా పొడిగించింది.

లైసెన్స్ లేకుండా నేర్చుకునేది

ఆత్మరక్షణ పేరు ఎత్తకుండా తుపాకీ నేర్చుకునే దారి ఒకటుంది. .177 బోర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్ పట్టి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం అందులో ఒకటి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లింది. ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం, ఊపిరి పట్టడం, గుర్తుల వరస చూడటం ఎయిర్ పిస్టల్‌తోనే అలవాటవుతాయి. రివాల్వర్ కొనాలనుకునేవాడు ముందు ఒక ఆర్నెల్లు అక్కడ గడిపితే, తనకు అది కావాలో వద్దో కూడా తేలుతుంది.

బందరు చూపు, హైదరాబాద్ ఉక్కు

1926లో మచిలీపట్నంలో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎల్ తీసుకుంది. సైనికులు చీకట్లో చూసే నైట్ విజన్ పరికరాలు అక్కడ తయారవుతాయి. డీఆర్‌డీఓతో కలిసి రూపొందించిన చిన్న 9 మి.మీ. మెషీన్ పిస్టల్ ‘అస్మి’ని హైదరాబాద్‌లోని లోకేష్ మెషీన్స్ చేసి ఇస్తోంది. 2024లో సైన్యం 550 తీసుకుంది. చిన్న ఆయుధాల పని తెలుగు నేల మీద బాగానే సాగుతోంది. అవేవీ గన్ షాపు అద్దాల వెనక కనపడేవి కావు.

యజమాని పోయాక

లైసెన్స్ మనిషికే గాని ఇంటికి కాదు. యజమాని చనిపోయాక ఆ తుపాకీ లైసెన్స్ లేకుండా కుటుంబం చేతుల్లో ఉండకూడదు. దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరో జమ చేసి, వారసుడు తన పేరు మీద లైసెన్స్ అడగాలి. 70 ఏళ్లు దాటినవాళ్లు, లేదా 25 ఏళ్లుగా లైసెన్స్ ఉన్నవాళ్లు బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్చుకునే వీలు కూడా నియమాల్లో ఉంది. దినం, పెద్దకర్మ హడావిడిలో బీరువాలోని రివాల్వర్ ఎవరికీ గుర్తుండదు. కొన్నాళ్లకు గుర్తొచ్చేసరికి అది ఏ నేరమూ చేయని కొడుకు మీద ఆయుధాల చట్టం కేసు. అందుకే తుపాకీ ఉన్న ప్రతి పెద్దమనిషీ లైసెన్స్ పుస్తకం ఏ అరలో ఉందో, ఏ స్టేషన్‌కి వెళ్లాలో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచాలి. మోడల్ గురించి షాపులో గంట సేపు చర్చించినవాళ్లు ఈ రెండు మాటలకు అయిదు నిమిషాలు పెట్టినా చాలు.